చెరువు వివరాలు ఎవరూ చెప్పరు, బయ్యరేమో అన్నీ కావాలంటాడు. ఏం చెయ్యాలి?

ప్యాకింగ్‌హాల్ (భీమవరం)

అందరికీ నమస్కారం. భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ట్రేసబిలిటీ (సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతికే) పని చూస్తాను, ప్లాంట్ పేరు వద్దులెండి. అమెరికా బయ్యర్ ఈ మధ్య ప్రతి లాట్‌కీ వెనక్కి చెరువుదాకా వివరాలు అడుగుతున్నాడు. ఏ చెరువు, ఏ హేచరీ (రొయ్య పిల్లని పుట్టించే కేంద్రం) పిల్ల, ఎప్పుడు వదిలారు, ఏ మేత, ఎప్పుడు పట్టారు, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష అయిందా లేదా, అన్నీ. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక మా వాళ్ళు యూరప్ వైపు కూడా గట్టిగా చూశారు. అక్కడ సంగతి తెలిసిందే, 2016లో మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. అంటే ఎటు వెళ్ళినా కాగితం కావాల్సిందే.

మేనేజ్‌మెంట్ ఒక యాప్ కొన్నది. ఏజెంట్లు లోడు పంపేటప్పుడు అందులో నింపాలి. నింపుతున్నారు కూడా, కానీ అన్ని చెరువులకీ ఒకటే ఫోన్ నంబరు, అదీ ఏజెంట్‌దే. రైతు పేరు ఒకసారి సత్తిబాబు, ఇంకోసారి సత్యనారాయణ, మూడోసారి పి.ఎస్. నారాయణ, ముగ్గురూ ఒకరే. హేచరీ గడిలో "మంచి హేచరీ" అని రాసినవాళ్ళు కూడా ఉన్నారు, నవ్వాలో ఏడవాలో తెలియదు.

నా ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించి కాదు. రైతు, ఏజెంట్, మేత కంపెనీ, హేచరీ, మేము, వీళ్ళందరి మధ్య వివరాలు నిజంగా పంచుకునేలా ఎక్కడైనా చేయగలిగారా? ఏ రంగమైనా పర్లేదు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గట్టుమీదోడు (ఆకివీడు)

ప్యాకింగ్‌హాల్ గారూ, మీరు అడిగేవన్నీ మా దగ్గర ఉంటాయండి. పుస్తకంలో రోజూ రాసుకుంటాం, ఎన్ని బస్తాలు వేశాం, చెక్ ట్రేలో (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళెం) ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, అన్నీ. చెప్పకపోవడానికి మా కారణాలు మాకున్నాయి.

ఒకటి చెప్తాను. చెరువులో వైట్ స్పాట్ (తెల్లమచ్చల రోగం) మొదలైందని నిజం చెప్పి ఒక కంపెనీకి పట్టుబడికి పిలిస్తే, వాళ్ళు వచ్చేలోపే ఆ మాట ఊరంతా తెలిసింది, వచ్చినవాడు గట్టు మీద నిలబడి కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ఉన్న రేటులో మూడో వంతు కోశాడు. తప్పదు కదా, ఇంకో పూట ఆగితే మొత్తం పోతుంది. అలాంటివాళ్ళకి రేపు డీఓసీ (పిల్ల వదిలి ఎన్ని రోజులైంది) ఎంత, రోగం ఉందా అని యాప్‌లో ముందే రాసివ్వమంటే ఎవడు రాస్తాడు?

రెండోది లీజు. ఈ ఏరియాలో సగం చెరువులు లీజువే అనుకోండి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉన్నా అది భూమి యజమాని పేరు మీద ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, సాగు చేసేది నేను. మీ యాప్‌లో రైతు పేరు అంటే ఎవరి పేరు రాయాలి? ఆయన పేరు రాస్తే నేను లేనట్టు, నా పేరు రాస్తే కాగితం కలవదు.

మూడోది కరెంటు. యూనిట్ రూపాయిన్నరకి వచ్చే సబ్సిడీ కరెంటుకి ఎకరాల లెక్క, జోన్ లెక్క చూస్తారు. మీకిచ్చిన విస్తీర్ణం రేపు ఎవరి చేతికి వెళ్తుందో మీకే తెలియదు. చెప్పండి, మీకు తెలుసా?

మీసాలరొయ్య (నెల్లూరు)

లీజు సంగతి ఇటు కూడా అంతే. గూడూరు నుంచి కావలి దాకా ఇదే కథ. ఇంకోటి, చెరువు చేసేవాడు ప్రతి పంటకీ మారుతుంటాడు, గట్లు మాత్రం మారవు. అందుకే రైతు పేరుతో కాదు, చెరువుకే ఒక నంబరుండాలి.

నీలితెర (హైదరాబాద్)

దీనికి బ్లాక్‌చెయిన్ (అందరూ కలిసి ఉంచుకునే డిజిటల్ చిట్టా) సరిగ్గా సరిపోతుందండి. ఒక అమెరికన్ రిటైల్ సంస్థ మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోటదో వెతకడానికి మామూలుగా దాదాపు ఏడు రోజులు పట్టేది, బ్లాక్‌చెయిన్ పెట్టాక 2.2 సెకన్లలో తేలింది. రాసినదాన్ని ఎవరూ మార్చలేరు కాబట్టి అందరికీ నమ్మకం కుదురుతుంది. రైతు, ఏజెంట్, ప్లాంట్ ముగ్గురికీ మూడు నోడ్లు ఇస్తే చాలు.

గట్టుమీదోడు (ఆకివీడు)

నోడు అంటే ఏంటో తర్వాత చెప్దురుగాని, "మంచి హేచరీ" అని రాసినదాన్ని ఎవరూ మార్చలేకపోతే ఏం లాభం సార్?

కాటాదగ్గర (కైకలూరు)

నేను ఏజెంట్‌ని. పై పోస్టులు చదివితే ఏజెంటే దొంగ అన్నట్టుంది కాబట్టి నా వైపూ వినండి.

నేను రైతుకి పంట మొదట్లో అడ్వాన్స్ ఇస్తాను. మేత డీలర్‌కి నా మాట మీద అరువు నడుస్తుంది. పట్టుబడి రోజు రాత్రి రెండింటికి వల వేసేవాళ్ళని, ఐస్‌ని, బండిని తెచ్చేది నేను. కంపెనీ డబ్బు ఆలస్యమైతే రైతు వచ్చి కూర్చునేది మా ఇంటి అరుగు మీద. వీటన్నిటికీ నాకొచ్చేది కిలోకి ఇంత అని కమీషన్. రైతు ఫోన్ నంబరు, చెరువు లొకేషన్ కంపెనీ యాప్‌లో పెట్టిన మరుసటి పంటకి ఆ కంపెనీ కొనుగోలు మేనేజర్ నేరుగా గట్టు మీదికి వెళ్తాడు. వెళ్ళాడు కూడా, నాకు జరిగింది. అడ్వాన్స్ నాది, రొయ్య వాళ్ళది.

కాబట్టి నా నంబరు రాస్తాను. రేపు కూడా అదే రాస్తాను.

ఇంకో నిజం కూడా చెప్తాను, ఎవరూ బయటికి అనరు. ఒక చెరువులో బండి నిండకపోతే పక్క చెరువుది కలిపి నింపుతాం. రెండూ 50 కౌంటే అయితే తేడా ఎవరికీ తెలియదు. మీరు యాప్ ఎంత బాగా చేసినా టబ్బుల్లో కలిసిపోయాక ఏ రొయ్య ఏ చెరువుదో నాకే తెలియదు.

గట్టుమీదోడు (ఆకివీడు)

అన్నా, అడ్వాన్స్ సంగతి ఒప్పుకుంటా. మరి తరుగు సంగతి? సాఫ్ట్ (మెత్త పెంకు రొయ్య) ఉందని, కౌంట్ తగ్గిందని కిలోల్లో కోస్తారు. ప్లాంట్‌లో నిజంగా ఎంత సాఫ్ట్ తేలిందో నాకెప్పుడైనా కాగితం చూపించావా? నువ్వు చెప్పిందే లెక్క.

కాటాదగ్గర (కైకలూరు)

నాకు మాత్రం ఎవరు చూపించారు తమ్ముడూ? ప్లాంట్ వాళ్ళు ఫోన్‌లో ఒక నంబరు చెప్తారు, అదే నీకు చెప్తాను. నమ్మితే నమ్ము.

నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త నెమ్మది. కంపెనీల పేర్లు, ఊళ్ళో మనుషుల పేర్లు రాయకండి, ఒక పోస్టు ఆ కారణంతోనే తీసేశాను.

ఎడిసన్‌తెలుగాయన (న్యూజెర్సీ)

ఇక్కడ సీఫుడ్ దిగుమతి చేసే సంస్థలో కాగితాలు చూసే పనిలో ఉన్నాను. అసలు చట్టం అడిగేదేంటి, బయ్యర్ తన సౌకర్యం కోసం అడిగేదేంటి, ఈ రెండూ కలిసిపోయి మీకు కొండంత కనబడుతోంది. విడదీద్దాం.

మొదటిది సింప్ అనే దిగుమతి పర్యవేక్షణ కార్యక్రమం, రొయ్యలకి 2018 డిసెంబరు 31 నుంచి వర్తిస్తోంది. దిగుమతిదారుడు చెప్పాల్సినవి ఏ జాతి, ఎంత బరువు, ఎప్పుడు పట్టారు, ఏ ఫారం, దానికి అనుమతి ఉందా, మొదట ఎవరి చేతికి వెళ్ళింది, ఇలాంటివి. రెండోది ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ) ఆహార ట్రేసబిలిటీ నియమం. దాని గడువు 2026 జనవరి 20 అన్నారు, తర్వాత 2028 జూలై 20కి జరిపారు. రొయ్యలు ఆ జాబితాలో ఉన్నాయి. అధికారులు అడిగితే 24 గంటల్లో వివరాలు వరసపెట్టి వెతుక్కునేలా ఒక స్ప్రెడ్‌షీట్ ఇవ్వగలగాలి. గమనించండి, స్ప్రెడ్‌షీట్. బ్లాక్‌చెయిన్ అని ఎక్కడా లేదు.

ఈ రెండిట్లోనూ రైతు ఫోన్ నంబరు లేదు. ఎకరానికి ఎన్ని పిల్లలు వదిలారన్నది లేదు. మేత ఖర్చు లేదు, వచ్చే పట్టుబడి ఎప్పుడన్నది అసలే లేదు. ఫారం గుర్తింపు కావాలి, అది నిజమే, తప్పించుకోలేరు.

ఏజెంట్ గారు భయపడేది నిజానికి జరగబోయేదాని గురించి. ఏ చెరువు ఏ తారీఖున తయారవుతుందో తెలిస్తేనే మేనేజర్ ముందే గట్టు మీదికి వస్తాడు. చట్టం అడిగేదేమో జరిగిపోయినదాన్ని, అమ్మకం అయిపోయిన తర్వాతిది. మీ యాప్‌లో ఈ రెండిటికీ ఒకే ఫారం పెట్టి ఉంటారు, చూసుకోండి ప్యాకింగ్‌హాల్ గారూ.

నీలితెర గారికి ఒక మాట. ఓడల కంటైనర్ల కోసం షిప్పింగ్ కంపెనీ మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అని బ్లాక్‌చెయిన్ వేదిక పెట్టాయి. డబ్బుకీ సాంకేతికతకీ లోటు లేదు. 2022 నవంబరులో మూసేస్తున్నామని ప్రకటించాయి, పరిశ్రమ మొత్తం కలిసిరాలేదన్నదే వాళ్ళు చెప్పిన కారణం. మన వ్యాపార వివరాలు మన పోటీదారుడి వేదికలో ఎందుకు పెట్టాలని మిగతా షిప్పింగ్ కంపెనీలకి మొదటి రోజు నుంచీ అనుమానం. కైకలూరు ఏజెంట్ గారి అనుమానమూ అదే, సైజు ఒక్కటే తేడా.

నీలితెర (హైదరాబాద్)

ట్రేడ్‌లెన్స్ పోయింది నిజమే, కానీ పెద్ద రిటైల్ సంస్థ ఆకుకూరల సరఫరాదారులని బ్లాక్‌చెయిన్‌లో చేరమని ఆదేశిస్తే చేరారుగా. గట్టిగా అడిగేవాడు ఒకడుంటే పని జరుగుతుంది.

ఎడిసన్‌తెలుగాయన (న్యూజెర్సీ)

అడిగితే నింపుతారండి. ఏం నింపుతారన్నది మొదటి పోస్టులోనే ఉంది.

చెక్‌ట్రే (ఉండి)

నేను మేత కంపెనీ ఫీల్డ్ టెక్నీషియన్‌ని. ఇంతవరకూ అందరూ ఎగుమతి కాగితాల గురించే మాట్లాడారు. మన దగ్గర వివరాలు దాచడం వల్ల అసలు నష్టం అక్కడ కాదు, రోగాల దగ్గర.

ఒక చెరువులో వైట్ స్పాట్ వస్తే రైతు ఏం చెయ్యాలి? నీటిలో బ్లీచింగ్ వేసి రోగాన్ని చంపి, ఆగి, అప్పుడు వదలాలి. చేసేదేంటి? రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తాడు, ఆ నీళ్ళు మురుగు కాలువలోకి, అక్కడి నుంచి పక్కవాడి మోటారులోకి. పక్కవాడికి ఒక్క ఫోన్ చేస్తే రెండు మూడు రోజులు నీళ్ళు తోడకుండా ఆగేవాడు. చెయ్యడు, ఎందుకంటే పైన గట్టుమీదోడు గారు చెప్పిందే, మాట బయటికెళ్తే రేటు పోతుంది. ఈహెచ్‌పీ (పరాన్నజీవి రోగం) అయితే మరీ. రొయ్య చావదు, ఎదగదు, సైజులు పెద్దా చిన్నా కలిసిపోతాయి, మేత మాత్రం తింటూనే ఉంటుంది. రైతు సీడ్ బాగాలేదనుకుంటాడు, హేచరీ వాడు చెరువు తయారీ బాగాలేదంటాడు, డీలర్ మందు అమ్ముతాడు. ముగ్గురి దగ్గరా ఉన్న ల్యాబ్ రిపోర్టులు ఒకచోట పెడితే ఏ బ్యాచ్ పిల్లతో వచ్చిందో, ఏ కాలువ వెంట వచ్చిందో ఒక పూటలో తేలిపోతుంది. పెట్టరు.

మా కంపెనీల సంగతీ చెప్తాను. రొయ్యకి బాగాలేకపోతే మొదట తగ్గేది మేత. ఒక మండలంలో మేత వాడకం ఒక్కసారిగా పడిపోయిందంటే అక్కడేదో మొదలైనట్టు. ఆ లెక్క ప్రతి మేత కంపెనీ దగ్గరా ఉంది. బయటపెడితే ఏ ఊళ్ళో ఎవరికెంత మార్కెట్టుందో పోటీ కంపెనీకి తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ ఇవ్వరు. నేను ఒకసారి మీటింగ్‌లో అడిగాను, మండలం మొత్తానికి కలిపి, కంపెనీ పేరు లేకుండా, వారం ఆలస్యంగా ఇద్దామని. తల ఊపారు, అంతే.

పిల్ల విషయం కూడా ఇలాంటిదే. రేటు పెరిగిందని అందరూ ఒకేసారి పిల్ల వదులుతారు, మూడు నాలుగు నెలలకి అందరూ ఒకేసారి పడతారు, 100 కౌంట్ రేటు కూలుతుంది. ఎంత పిల్ల అమ్ముడుపోయిందో హేచరీలన్నిటికీ కలిపి తెలుసు, విడిగా ఏ రైతుకీ తెలియదు. సప్లై చైన్ పాఠాల్లో దీనికి దగ్గరిదాన్నే బుల్‌విప్ (కొరడా) అంటారు, కొసన చిన్న కదలిక వెనక్కి వెళ్ళేకొద్దీ పెద్దదవుతుంది. మన దగ్గర ఆ కొరడా దెబ్బ తగిలేది రైతు వీపుకే.

మీసాలరొయ్య (నెల్లూరు)

చెక్‌ట్రే గారూ, తూము సంగతి బాగా అడిగారు. మా కాలువ మీద ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నీళ్ళు వదిలేవాడు "రెండు రోజులు తోడకండి" అని మాత్రం పెడతాడు. ఎందుకు అని ఎవరూ అడగకూడదు, ఏ చెరువు అనీ అడగకూడదు, అదే రూలు. మెసేజ్ ఒక పెద్దాయనకి వెళ్తుంది, ఆయన గ్రూపులో పెడతాడు కాబట్టి పంపింది ఎవరో తెలియదు. ఏజెంట్లని గ్రూపులో చేర్చుకోలేదు (కాటాదగ్గర గారు ఏమీ అనుకోవద్దు). బాగానే నడుస్తోంది.

డ్రమ్ములెక్క (జీడిమెట్ల)

నాది ఫార్మా, బల్క్ డ్రగ్ యూనిట్‌లో క్వాలిటీ విభాగం. రొయ్యల గురించి నాకు తినడం తప్ప ఏమీ తెలియదు, కానీ ఈ గొడవ చదువుతుంటే మా దగ్గర ఎప్పుడో తేలిపోయిన విషయం గుర్తొస్తోంది.

మేము ముడి మందు చేస్తాం, టాబ్లెట్ చేసేది ఇంకో కంపెనీ. మా తయారీ పద్ధతి వాళ్ళకి చూపిస్తే రేపు వాళ్ళే చేసుకుంటారు. చూపించకపోతే వాళ్ళ మందుకి అమెరికాలో అనుమతి రాదు. అందుకని డ్రగ్ మాస్టర్ ఫైల్ అనే పద్ధతి ఉంది. తయారీ రహస్యం మేము నేరుగా ఎఫ్‌డీఏకే ఇస్తాం, ఆ టాబ్లెట్ కంపెనీకి "మా ఫైలు మీరు చూడొచ్చు" అని ఎఫ్‌డీఏని ఉద్దేశించిన ఒక అనుమతి ఉత్తరం మాత్రం ఇస్తాం. వాళ్ళకి దక్కేది ఫైలు నంబరు, నాణ్యత వివరాలు, అంతే. వ్యాపారం నడుస్తుంది, రహస్యమూ నిలుస్తుంది. అన్నీ అందరికీ చెప్పాలి, లేదా ఎవరికీ ఏమీ చెప్పకూడదు అని రెండే దారులున్నట్టు ఇక్కడ మాట్లాడుతున్నారు.

రెండోది, మా దగ్గర బ్యాచ్ నంబరు డ్రమ్ము మీద ఉంటుంది, విశ్లేషణ పత్రం డ్రమ్ముతో పాటే వస్తుంది. సరుకు ఒక దారిన, సమాచారం ఇంకో యాప్ దారిన రావు. 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్లకి ప్యాకెట్ మీదే బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు కదా, అక్కడా అంతే, సరుకుకే అతికించారు. మీ టబ్బుల మీద ఏముంటుంది?

కాటాదగ్గర (కైకలూరు)

టబ్బుల మీద ఐస్ ఉంటుంది.

కాగితంచదివారా (విజయవాడ)

వకీలుగా రెండు మాటలు, ఫీజు లేకుండా.

రైతు పేరు, ఫోన్ నంబరు, చెరువు లొకేషన్ కలిస్తే అది వ్యక్తిగత డేటా. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై చేశారు, విడతలుగా అమల్లోకి వస్తున్నాయి. ఎందుకు తీసుకుంటున్నారో రైతుకి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, చెప్పిన పనికే వాడాలి. ట్రేసబిలిటీ అని తీసుకున్న నంబరు కొనుగోలు మేనేజర్ ఫోన్‌లోకి వెళ్తే అది చెప్పిన పని కాదు. ప్లాంట్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నాయి.

ఏజెంట్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ఇచ్చిన చెరువు వివరాలతో ఫలానా కాలం నేరుగా కొనం, కొంటే కమీషన్ ఇస్తాం అని ఒక్క వాక్యం చాలు. పది పేజీల గోప్యతా ఒప్పందం ఎవరూ చదవరు, అందులో ఏజెంట్‌కి పనికొచ్చే మాట ఒక్కటీ ఉండదు. ఫారం మీద సంతకం పెట్టించేది మీరే కాబట్టి, మిమ్మల్ని కట్టేసే వాక్యం కూడా అందులో ఉండాలి.

ఇంకోటి, ప్లాంట్లు ప్లాంట్లు కూర్చుని "డేటా పంచుకుందాం" అని రేపటి కొనుగోలు రేట్లు ఒకరికొకరు చెప్పుకుంటే అది 2002 కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ (కుమ్మక్కు ఒప్పందాలని నిషేధించేది) కిందికి వస్తుంది. రోగం సమాచారం, పరీక్ష ఫలితాలు పంచుకోండి, మంచిదే. రేటు జోలికి వెళ్ళకండి.

ప్యాకింగ్‌హాల్ (భీమవరం)

చాలా ఉపయోగపడింది, అందరికీ థ్యాంక్స్. ఎడిసన్ గారు చెప్పాక మా యాప్ ఫారం తెరిచి చూశాను. నిజమే, "తదుపరి పట్టుబడి అంచనా తేదీ" అని ఒక గడి ఉంది, అది కొనుగోలు విభాగం వాళ్ళు పెట్టించారట. ట్రేసబిలిటీకి దానితో పనే లేదు.

డ్రమ్ములెక్క గారి మాట మీద ఒక ఆలోచన. పట్టుబడికి ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఎలీసా ల్యాబ్‌లో యాంటీబయాటిక్ పరీక్ష ఎలాగూ చేయిస్తున్నాం. ఆ సర్టిఫికెట్ మీద ఫారం వివరాలు ఉంటాయి. అది ఫోటోగా వాట్సాప్‌లో నాకు వస్తూనే ఉంది, నేనే పక్కన పడేసి మళ్ళీ అవే వివరాలు యాప్‌లో ఏజెంట్‌ని అడుగుతున్నాను. ఆ సర్టిఫికెట్ నంబరే చెరువు గుర్తుగా వాడితే? టబ్బులకి ఆ నంబరు ట్యాగు. ఫోన్ నంబరు, లొకేషన్ గడులు తీసేస్తాను. కాటాదగ్గర గారూ, మీకు ఒప్పుదలేనా?

కాటాదగ్గర (కైకలూరు)

రైతు పేరు మీకు తెలిస్తే నాకేం నష్టం లేదండి, ఆ కాగితం మీద ఇప్పుడూ తెలుస్తూనే ఉంది. ఫోన్ నంబరు, దారి, తారీఖు ఈ మూడూ వద్దు. వకీలు గారు చెప్పిన వాక్యం మీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో కావాలి, మాటలతో కాదు.

టబ్బులకి ట్యాగు కట్టమంటే కడతాను. రెండు చెరువులు కలిపే సంగతి, అది ఆగాలంటే సగం బండికి కిరాయి ఎవరిస్తారు? లేదా బండిలో రెండు రంగుల ట్యాగులు పెట్టుకోనివ్వండి, మీ దగ్గర దించేటప్పుడు విడివిడిగా దించుకోండి. మీ అన్‌లోడింగ్ వాళ్ళు దానికి ఒప్పుకోరు, నాకు తెలుసు, వాళ్ళకి తొందర.

గట్టుమీదోడు (ఆకివీడు)

మరి నాకేంటి? అందరూ మాట్లాడుకున్నారు, బాగుంది. నా వివరాలు మీకొచ్చాయి, మీ బయ్యర్ సంతోషించాడు, ఏజెంట్‌కి లెటర్‌హెడ్ వచ్చింది.

నాకు డబ్బులు అక్కర్లేదు. నా లోడుకి మీ ప్లాంట్‌లో గ్రేడింగ్ అయ్యాక ఏ కౌంట్‌లో ఎన్ని కిలోలు పడ్డాయి, సాఫ్ట్ ఎంత, రంగు మారినవి ఎంత, ఆ కాగితం నాకు పంపండి. యాంటీబయాటిక్ పరీక్ష మీ ల్యాబ్‌లో మళ్ళీ చేస్తే ఆ ఫలితం కూడా. సాఫ్ట్ ఎక్కువ వచ్చిందని కాగితం మీద చూస్తే మళ్ళీ పంటకి మినరల్స్ సంగతి చూసుకుంటాను, గుల్ల వదిలే రోజులు చూసి పట్టుబడి పెట్టుకుంటాను. ఫోన్‌లో ఒక నంబరు చెప్తే నాకు కోపం తప్ప ఏమొస్తుంది? అది పంపిన రోజు హేచరీ పేరు, మేత లెక్క, మీరేది అడిగితే అది ఇస్తాను.

గ్రేడింగ్‌షీట్ (కాకినాడ)

ఇంకో ప్లాంట్‌లో ప్రొడక్షన్ చూస్తాను. గట్టుమీదోడు గారు అడిగింది న్యాయమే, కానీ ఇది జరగనిచ్చేవాళ్ళు తక్కువ, ఎందుకో చెప్తాను. రైతుకి కోసే తరుగు, ప్లాంట్‌లో నిజంగా తేలే సాఫ్ట్ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. ఒక్కోసారి ప్లాంటే నష్టపోతుంది, ఎక్కువసార్లు కాదు. ఆ తేడాలోనే కొనుగోలు విభాగం తన లెక్కలు సర్దుకుంటుంది. షీటు బయటికెళ్తే ఆ తేడా కనబడుతుంది. అందుకని మీరు రైతు, ఏజెంట్ అడ్డం అనుకుంటున్నారు గానీ, ప్యాకింగ్‌హాల్ గారూ, మీ అసలు అడ్డం మీ ప్లాంట్‌లో మీ పక్క గదిలో కూర్చుని ఉంటాడు. ప్రొడక్షన్ వాళ్ళ సిస్టమ్ కొనుగోలు వాళ్ళకి కనబడదు, కొనుగోలు వాళ్ళ ఎక్సెల్ క్వాలిటీ వాళ్ళకి కనబడదు. ఒకే గేటు లోపల ఇలా ఉండగా గట్టు మీదున్నవాడిని అన్నీ చెప్పమనడం కొంచెం ఎక్కువే.

ఒక కిటుకు: షీటు మొత్తం అడగకండి. ముందు సాఫ్ట్ శాతం, కౌంట్ వారీ కిలోలు మాత్రం అడగండి. ఎండీ గారి దగ్గరికి "రైతుకి ఇద్దాం" అని కాకుండా "బయ్యర్ ఆడిట్‌లో రైతుకి ఫలితం తెలియజేస్తున్నారా అని అడిగే అవకాశం ఉంది" అని వెళ్ళండి. పని తొందరగా అవుతుంది.

నీలితెర (హైదరాబాద్)

ఇప్పుడు అర్థమైంది. సరే, బ్లాక్‌చెయిన్ పక్కన పెడదాం. ప్యాకింగ్‌హాల్ గారూ, సర్టిఫికెట్ నంబరు ఫోటోలోంచి చదివి షీటులో వేసే చిన్న ప్రోగ్రాం కావాలంటే రాసిస్తాను. గడుల పేర్లు మాత్రం సొంతంగా పెట్టుకోకండి, సీఫుడ్ ట్రేసబిలిటీకి జీడీఎస్‌టీ అనే ప్రమాణం 2020లో వచ్చింది, ఏ దశలో ఏ వివరం రాయాలో అందులో ఉంది. ఆ పేర్లే వాడితే రేపు ఇంకో బయ్యర్ వచ్చినా మళ్ళీ మొదటికి రాదు.

ప్యాకింగ్‌హాల్ (భీమవరం)

ఆలస్యంగా అప్‌డేట్ ఇస్తున్నాను, మన్నించాలి. ఒకే ఏజెంట్‌తో, ఆయన చెరువుల వరకే మొదలుపెట్టాం (కాటాదగ్గర గారు కాదు, ఇంకొకరు).

లెటర్‌హెడ్ మీద వాక్యం రావడానికే ఎక్కువ సమయం పట్టింది. కొనుగోలు మేనేజర్ రెండు పంటల కాలం నేరుగా కొనబోమని రాయడానికి ఒప్పుకోలేదు, చివరికి ఒక పంటకి ఒప్పుకున్నారు. ఏజెంట్ కూడా సరే అన్నారు. ట్యాగులు బాగా పనిచేశాయి, ఐస్ నీళ్ళకి ఇంకు చెరిగిపోతోందని ప్లాస్టిక్ రంగు బిళ్ళలు వాడుతున్నాం. ఇంకో బయ్యర్ ఒక లాట్ గురించి అడిగితే అదే పూట చెరువుదాకా చెప్పగలిగాను, ఇంతకు ముందు అది ఫోన్ల మీద ఫోన్లు. సాఫ్ట్ శాతం, కౌంట్ వారీ కిలోలు రైతుకి మెసేజ్ వెళ్తున్నాయి, ఏజెంట్ ఫోన్ ద్వారానే, నేరుగా కాదు. అది ఆయన షరతు. మొదట ఇద్దరు రైతులు తరుగు మీద గొడవ పెట్టుకున్నారు, ఒకరి విషయంలో మా వాళ్ళు లెక్క సరిచేయాల్సి వచ్చింది. పక్క గది నుంచి నాకు పలకరింపులు తగ్గాయి, అదొక్కటే నష్టం.

రానిది హేచరీ గడి. రైతులు పేరు చెప్తున్నారు, బ్యాచ్ చెప్పలేకపోతున్నారు. దాచడం కాదు, వాళ్ళకే తెలియదు.

ట్యాంకునీళ్ళు (తొండంగి)

హేచరీలో పనిచేస్తాను. బ్యాచ్ మా దగ్గర కచ్చితంగా ఉంటుంది, ఏ తల్లి రొయ్యలది, ఏ ట్యాంకు, ఏ రోజు ప్యాక్ చేశాం, పీసీఆర్ (రోగం పరీక్ష) రిపోర్టు ఏది, అంతా. మధ్యలో సీడ్ డీలర్ రెండు మూడు హేచరీల పిల్ల తెచ్చి ఒకే బండిలో పంచుతాడు, బిల్లు మీద లక్షల లెక్క, రేటు మాత్రం రాస్తాడు. బ్యాచ్ రాస్తే ఏ హేచరీ నుంచి ఎంతకి కొన్నాడో తెలుస్తుందని ఆయన భయం, కాటాదగ్గర గారిదే ఇంకో రూపం. రేటు అడక్కండి, బ్యాచ్ మాత్రం బిల్లు వెనకైనా రాయమనండి. పిల్ల ప్యాక్ చేసిన అట్టపెట్టె మీద స్టిక్కరుంటుంది, అదైనా చించి దాచుకోండి, అందరూ పెట్టె పారేస్తారు.

గట్టుమీదోడు (ఆకివీడు)

పెట్టెలు మా వాళ్ళు పొయ్యిలో వేస్తారు. వచ్చే వారం పిల్ల దింపుతున్నాను, స్టిక్కర్ ఫోటో తీసి పెడతా, అందులో ఏది బ్యాచ్ నంబరో మీరే చూసి చెప్పండి.

చెక్‌ట్రే (ఉండి)

పనిలో పని, మేత బస్తా కుట్టు దగ్గర చిన్న కాగితం ఉంటుంది, లాట్ నంబరు దాని మీదే. బస్తా విప్పేవాడు మొదట దాన్నే చింపేస్తాడు. పుస్తకంలో ఆ రోజు పేజీకి అతికించేయండి, ఫోటో కూడా అక్కర్లేదు.